నమ్మకానికి రెండు వాక్యాలు: తెలుగు సాహిత్యంలో దైవనిరాకరణ, కైరుప్పల ఉదాహరణ

ఉపోద్ఘాతం

తెలుగులో ‘నమ్ము’ ధాతువు ప్రధానంగా రెండు రకాల వాక్యాల్లో కనిపిస్తుంది. ‘అతణ్ణి నమ్మాను’ అన్నప్పుడు కర్మపదం ద్వితీయావిభక్తిలో ఉంటుంది. అక్కడ అర్థం భరోసా. ‘అతడు వస్తాడని నమ్మాను’ అన్నప్పుడు కర్మస్థానంలో ‘అని’తో ముగిసే ఉపవాక్యం నిలుస్తుంది. అక్కడ అర్థం ఒక విషయాన్ని నిజమని అంగీకరించడం. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’లో అనుకృతి వాక్యాలను వివరించిన పద్ధతి తెలిసినవారికి ఈ తేడా కొత్తది కాదు. నమ్మకద్రోహం, నమ్మిన బంటు, నమ్మి మోసపోవడం వంటి నుడికారాలన్నీ మొదటి వాక్యం నుంచి పుట్టినవే. ఉనికికి సంబంధించిన రెండో వాక్యం నుంచి ఇటువంటి నుడికారాలు దాదాపుగా పుట్టలేదు.

దేవుడి విషయంలో ఈ తేడా చిన్నది కాదు. ‘దేవుణ్ణి నమ్మను’ అనే మనిషి దేవుడు లేడని చెప్పడం లేదు. షావుకారును నమ్మనివాడు షావుకారు లేడని అనడు కదా! ‘దేవుడున్నాడని నమ్మను’ అనే మనిషి చెప్పేది మరో మాట. ‘దేవుడు లేడు’ అనే మూడో వాక్యం ఈ రెండింటి మధ్య ఊగుతుంది. ‘లేడు’ అనే క్రియ ఉనికిలో లేకపోవడాన్నీ చెబుతుంది, ఆ సమయానికి అక్కడ లేకపోవడాన్నీ చెబుతుంది. ఇంట్లో లేడు, ఊళ్ళో లేడు అన్నప్పుడు వాడేదీ ఈ క్రియే. అన్యాయానికి గురైన మనిషి ‘దేవుడనేవాడు లేడా!’ అని ఏడిస్తే అది తత్త్వశాస్త్ర ప్రశ్న కాదు, ఫిర్యాదు.

కొందరు దేవుణ్ణి ఎందుకు నమ్మరు అనే ప్రశ్నకు తెలుగు సాహిత్యం చాలా జవాబులు చెప్పింది. విమర్శ మాత్రం ఆ జవాబులన్నిటినీ ‘హేతువాద ధార’ అనే ఒకే కాలువలోకి మళ్ళించింది. వేమనతో మొదలుపెట్టి కవిరాజు, గోరా, జాషువా, నార్ల మీదుగా దళిత కవిత్వం దాకా ఒక వంశవృక్షం గీయడం అలవాటుగా మారింది. ఈ వృక్షంలో ఒకే కొమ్మ మీద కూర్చోబెట్టిన రచయితలు నిజానికి వేర్వేరు వాక్యాలు పలుకుతున్నారు. తెలుగులో దైవనిరాకరణగా చలామణి అయ్యే రచనల్లో ఎక్కువ భాగం ‘దేవుణ్ణి నమ్మను’ అనే మొదటి వాక్యానికి చెందినవనీ, వాటిని రెండో వాక్యంగా చదవడం వల్ల వాటి నైతిక బలం తగ్గిపోతోందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రతిపాదనను మొదట గ్రంథాలమీద పరిశీలించి, తర్వాత కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలోని కైరుప్పల పిడకల సమరం మీద పరీక్షిస్తుంది. గ్రంథం లేని చోట, నమ్మకం చేతల్లో మాత్రమే కనిపించే చోట ఈ విభజన నిలుస్తుందా లేదా అన్నది తేలాలంటే అటువంటి ఊరు ఒకటి కావాలి.

ద్రౌపది, జాబాలి

‘నాస్తిక’ శబ్దానికి దేవుడితో ఉన్న సంబంధం అంత పాతది కాదు. పాణిని సూత్రం ‘ఉంది’ అనే బుద్ధి గలవాణ్ణి ఆస్తికుడనీ, ‘లేదు’ అనే బుద్ధి గలవాణ్ణి నాస్తికుడనీ నిష్పన్నం చేస్తుంది. ఆ ఉండే వస్తువు పరలోకమని వ్యాఖ్యాతలు పూరించారు. మనువుకు నాస్తికుడంటే వేదనిందకుడు. ఈ రెండు నిర్వచనాల్లోనూ ఈశ్వరుడు లేడు. అందుకే జగత్కర్త అవసరం లేదన్న మీమాంసకులు ఆస్తికులుగానే మిగిలారు, తీర్థంకరులను కొలిచే జైనులు నాస్తికులయ్యారు.

వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో జాబాలి ఈ పాత అర్థంలోనే నాస్తికుడు. రాముణ్ణి అయోధ్యకు మరల్చడానికి అతడు చెప్పిన వాదంలో తండ్రి కొడుకుల బంధం, శ్రాద్ధంలో పెట్టే అన్నం, పరలోకం నిరాకరణకు గురవుతాయి. దేవుడి ఊసు ప్రధానం కాదు. రాముడు మండిపడగానే జాబాలి వెనక్కి తగ్గి, నిన్ను మరల్చడానికే అలా మాట్లాడానంటాడు. నార్ల వెంకటేశ్వరరావు 1974లో ‘జాబాలి’ నాటకం రాసినప్పుడు ఈ పాత్రను ఇరవయ్యో శతాబ్ది హేతువాదికి పూర్వికుడిగా నిలిపారు. నాటకకర్తకు ఆ స్వేచ్ఛ ఉంది. ఆ నాటకాన్ని ఆధారం చేసుకొని వాల్మీకి జాబాలిని దైవనిరాకర్తగా పేర్కొనే స్వేచ్ఛ విమర్శకుడికి లేదు.

జాబాలికి దక్కిన ప్రాధాన్యం ద్రౌపదికి దక్కకపోవడం ఆశ్చర్యమే. వ్యాసభారతం అరణ్యపర్వంలో, ద్వైతవనంలో ఆమె ధర్మరాజుతో చేసిన వాదం జాబాలి వాదం కన్నా లోతైనది. ధర్మాన్ని కాపాడేవాణ్ణి ధర్మం కాపాడుతుందని పెద్దలు చెప్పారు, నువ్వు కాపాడావు, అది నిన్ను కాపాడలేదు అన్నది ఆమె మొదటి మెట్టు. విధాత ప్రాణులను కొయ్యబొమ్మల్లా ఆడిస్తున్నాడు, తల్లిదండ్రుల్లా చూడడం లేదు అన్నది రెండో మెట్టు. మూడోది అసలైన చిక్కుముడి. చేసిన కర్మ కర్తనే అంటుతుందంటే, అన్నీ చేయించే ఈశ్వరుణ్ణి కూడా ఆ పాపం అంటాలి. అంటదంటే కారణం బలమొక్కటే. అప్పుడు బలహీనుల కోసం ఏడవడం తప్ప మిగిలేది లేదు.

ఈ వాదంలో ఈశ్వరుడు లేడన్న మాట ఎక్కడా లేదు. ఉన్నాడు కాబట్టే ఆయన మీద నేరారోపణ సాధ్యమైంది. ధర్మరాజు మాత్రం ఆమె మాటలు చక్కగా ఉన్నాయంటూనే అవి నాస్తికత్వమని తీర్పు చెప్పాడు. ఫలం కోసం ధర్మాన్ని ఆచరించేవాడు ధర్మాన్ని అమ్ముకునే వర్తకుడని మందలించాడు. ద్రౌపది ఆ తర్వాత తాను ధర్మాన్ని అవమానించడం లేదనీ, దుఃఖంతో ప్రలపిస్తున్నాననీ చెప్పుకోవలసి వచ్చింది. సభలో జరిగిన పరాభవం తర్వాత భరోసా సడలిన స్త్రీ పలికిన మొదటి వాక్యాన్ని, అధికారం ఉన్న శ్రోత రెండో వాక్యంగా విన్నాడు. తెలుగు విమర్శ తర్వాతి కాలంలో చేసిందీ దాదాపు ఇదే. ఒక్క తేడా ఉంది: ధర్మరాజు నాస్తికత్వాన్ని తప్పుగా ఎంచితే, అభ్యుదయ విమర్శ దాన్ని ఒప్పుగా ఎంచింది. వినడంలో జరిగిన పొరపాటు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

తిట్టే భక్తులు

తెలుగు శతక సాహిత్యంలోని నిందాస్తుతిని ఈ సందర్భంలో కొద్దిగా చూడాలి. కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయక శతకం’లో కృష్ణాతీర శ్రీకాకుళంలోని ఆంధ్రవిష్ణువును నిలదీస్తాడు. గోగులపాటి కూర్మనాథకవి ‘సింహాద్రి నారసింహ శతకం’లో శత్రుసేనలు ఆలయాలను కొల్లగొడుతుంటే చూస్తూ ఊరుకున్న దేవుణ్ణి పిరికివాడని ఎత్తిపొడుస్తాడు. ఈ శతకాలను భక్తి పరాకాష్ఠగా వివరించే సంప్రదాయ వ్యాఖ్యానం ఒకటి, అణచిపెట్టిన సందేహంగా వివరించే ఆధునిక వ్యాఖ్యానం మరొకటి ఉన్నాయి. రెండూ అనవసరమైన శ్రమే. ఇవి ఒప్పందం గుర్తుచేసే పద్యాలు. నేను నిన్ను నమ్మాను, నీ వంతు ఏది అన్నది వీటి సారం. నమ్మకం ద్వితీయావిభక్తిలో ఉన్నంతకాలం తిట్టు అందులో అంతర్భాగమే. ఉనికిని గురించిన అంగీకారాన్ని ఎవరూ తిట్టలేరు.

వేమనను కూడా ఈ దృష్టితోనే చూడాలి. రాతిని మొక్కడం, తీర్థాలు తిరగడం, కులం పేరిట మడి కట్టుకోవడం ఆయనకు ఎంత హేయమో పద్యాలే చెబుతాయి. అయితే ఆయన ఖండన చివరికి మనిషిలోపలి శివుడి దగ్గర ఆగుతుంది. కాబట్టి ఆయన భరోసాను ఉపసంహరించుకున్నవాడు కాడు, దాని చిరునామా మార్చినవాడు. నార్ల, మరికొందరు హేతువాదులు ఆయనను తమ తాతగా చెప్పుకోవడంలో ఆప్యాయత ఉంది కానీ శాస్త్రీయత తక్కువ.

పుస్తకంలోని దేవుడు

త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) దగ్గర పరిస్థితి మారుతుంది. 1920 నాటి ‘శంబుక వధ’ నాటకంలో గానీ, తర్వాతి ‘సూతపురాణం’లో గానీ ఆయన ఎదుర్కొన్నది దేవుడి ఉనికిని కాదు, దేవుడి పేరిట చెలామణి అయిన గ్రంథాల అధికారాన్ని. సూతుడు శౌనకాది మునులకు పురాణం చెప్పే చట్రాన్నే తీసుకొని, పద్యంలోనే, పురాణాల గుట్టు విప్పాడు. ఆయుధం ప్రత్యర్థిదే. చదివినవాడు పురాణాన్ని నమ్మడం మానేస్తాడు. ఇక్కడ నమ్మకం నిజంగానే ‘అని’ వాక్యం: ఇది జరిగిందని, ఇది వ్యాసుడు చెప్పాడని, ఇది న్యాయమని. వాటిని ఒక్కొక్కటిగా కొట్టివేయవచ్చు, ఆయన కొట్టివేశాడు.

కవిరాజు అంతటితో ఆగలేదు. ‘వివాహవిధి’ రాసి, తెలుగులో పెళ్ళితంతు సమకూర్చి, స్వయంగా పెళ్ళిళ్ళు చేయించాడు. పురోహితుడి స్థానం ఖాళీ చేయించి వదిలేయకుండా దాన్ని మరో మనిషితో నింపడం ఆ ఉద్యమపు వివేకం. నార్ల ‘సీతజోస్యం’ (1979), రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ ఈ గ్రంథఖండన మార్గంలోవే, వాటి సామాజిక సిద్ధాంతాలు వేరైనా.

ఈ మార్గానికి ఒక పరిమితి ఉంది. ఇది చదువుకున్న ప్రపంచానికి చెందిన నిరాకరణ. అంగలూరు, తెనాలి, ముదునూరు, విజయవాడ, చీరాల వంటి ఊళ్ళు దీని భూగోళం. పురాణప్రవచనం, బ్రాహ్మణ పౌరోహిత్యం, ఇంగ్లీషు చదువు, పత్రిక, అచ్చుయంత్రం కలిసి ఉన్న చోట ఇది పుట్టింది. నిరాకరణ ఎప్పుడూ తనకు అందిన దేవుడి ఆకారాన్నే తీసుకుంటుంది. పురాణంలోని దేవుడు అందిన చోట అది పురాణఖండన అవుతుంది.

గోరా: రెండు వాక్యాల కలయిక

గోపరాజు రామచంద్రరావు (1902–1975) తెలుగులో ‘దేవుడు లేడు’ అనే వాక్యాన్ని సందిగ్ధత లేకుండా పలికిన రచయిత. వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తర్వాత బందరు హిందూ కళాశాల కొలువూ నిలవలేదు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో దాన్ని విజయవాడకు మార్చాడు.

ద్రౌపది మార్గంలో ఆయన నాస్తికుడు కాలేదు. దుఃఖం ఆయన ప్రారంభబిందువు కాదు. దయ్యాల కొంప అని పేరుపడిన ఇంట్లో కాపురం చేసి చూడడం వంటి పరీక్షలతో మొదలయ్యాడు. ఆయన రచనలను జాగ్రత్తగా చదివితే మరో సంగతి కనిపిస్తుంది. దేవుడు లేడన్న నిర్ణయం ఆయనకు గమ్యం కాదు, అందులోంచి వచ్చే పర్యవసానమే గమ్యం. ఆస్తికత్వం మనిషిని బానిస మనస్తత్వంలో ఉంచుతుంది, నాస్తికత్వం బాధ్యతను మనిషి చేతికి తెస్తుంది అన్నది ఆయన సిద్ధాంతం. అంటే ద్వితీయావిభక్తిలోని భరోసాను దేవుడి నుంచి తీసి మనుషుల మధ్య పెట్టాలి. ఉనికి వాక్యాన్ని ఆయన భరోసా వాక్యానికి పనిముట్టుగా వాడుకున్నాడు. సహపంక్తి భోజనాలు, అస్పృశ్యతా నివారణ, కులాంతర వివాహాలు ఆయన నాస్తికత్వానికి అనుబంధాలు కావు, అసలు వాదమే.

గాంధీతో ఆయన సంభాషణలను ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ (1951) నమోదు చేసింది. ఆ చర్చల్లో దేవుడి ఉనికిని గురించిన తర్కం తక్కువ. పల్లెల్లో అంటరానితనం పోవాలంటే ఏది ఎక్కువ పనికివస్తుంది అన్న ఆచరణ ప్రశ్నే ఎక్కువ. గోరా కుమార్తెకు దళిత యువకుడితో పెళ్ళి సేవాగ్రామంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నాడు. ఆయన హత్య తర్వాత 1948 మార్చిలో ఆ పెళ్ళి అక్కడే జరిగింది. ఇద్దరూ రెండో వాక్యం దగ్గర విడిపోయి మొదటి వాక్యం దగ్గర కలుసుకున్నారని చెప్పవచ్చు. గోరాను కేవలం తార్కికుడిగా చిత్రించే వ్యాసాలు ఈ భాగాన్ని జీవితచరిత్ర కింద పక్కన పెడతాయి. అది సిద్ధాంతంలో చేరవలసిన భాగం.

గబ్బిలం మోసిన ఫిర్యాదు

జాషువా ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. గుడిలోకి తనకు ప్రవేశం లేని అరుంధతీసుతుడు, గుడిలో తలకిందులుగా వేలాడగల గబ్బిలం ద్వారా కాశీలోని శివుడికి సందేశం పంపుతాడు. ఈ కావ్యాన్ని దైవనిరాకరణగా చదవడానికి పద్యాల్లోని వ్యంగ్యం పురికొల్పుతుంది. అయితే సందేశకావ్యం అనే ప్రక్రియే ఆ పఠనానికి అడ్డు. సందేశం పంపాలంటే అందుకునేవాడు ఉండాలి. కాళిదాసు యక్షుడికి ప్రియురాలు ఉన్నట్లే ఇతడికి శివుడు ఉన్నాడు, తలుపు మాత్రం మూసి ఉంది. మూసినవాడు పూజారి. తెరిపించనివాడు శివుడు. ఫిర్యాదు ఇద్దరి మీదా.

శివుడు లేడని తేల్చేస్తే ఈ కావ్యంలోని నేరారోపణలో సగం కొట్టుకుపోతుంది. లేని శివుడి మీద కేసు నడవదు. అగ్రవర్ణ హేతువాది దేవుణ్ణి కాదనడానికీ, గుడిబయట నిలబెట్టిన మనిషి దేవుణ్ణి నిలదీయడానికీ మధ్య ఉన్న ఈ తేడాను వర్గీకరణ పేరుతో చెరిపేయడం న్యాయం కాదు. మొదటివాడు తనకున్నదాన్ని వదులుకుంటున్నాడు. రెండోవాడికి ఎన్నడూ ఇవ్వనిదాన్ని వదులుకోమనడం ఎలా? జాషువా తర్వాతి కాలంలో ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారం వచ్చింది. ఆయనను హేతువాదుల పట్టికలో చేర్చదలచినవారు ఆ గ్రంథాన్ని కూడా దగ్గర పెట్టుకోవాలి. (చలం విషయంలోనూ ఇటువంటి ఇబ్బందే ఉంది. పట్టిక 1950 దగ్గర, అరుణాచలం ప్రయాణం ముందు ఆగిపోవలసి వస్తుంది.) శివసాగర్ ‘నడుస్తున్న చరిత్ర’లో శంబుకుడు రాముణ్ణి చంపుతాడు. కవిరాజు నాటకంలో బాధితుడైన పాత్ర ఇక్కడ కర్త అయింది. అక్కడ కూడా రాముడి ఉనికి ప్రశ్న కాదు, అతడితో తేల్చుకోవలసిన లెక్క ప్రశ్న.

కైరుప్పల

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేవి. కన్నడ తెలుగులు కలిసి నడిచే ఈ నేల వీరశైవానికి పాత స్థావరం. అంతకు ముందరి పొర కూడా ఉంది. ఆదోని దగ్గరి పెద్దతుంబళంలో జైన విగ్రహాలు బయల్పడ్డాయి. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లో జైనుడు పరసమయి, అంటే ఓడించవలసిన ప్రత్యర్థి. ఈ ప్రాంతంలో ఒకప్పటి ‘నాస్తికుడు’ మొక్కుకోవడానికి సొంత దేవళం ఉన్న మనిషి అన్నమాట. వానలు నమ్మదగనివి. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతాల పల్లెల నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరప, పత్తి పనులకు సుగ్గి పోవడం ఏటా చూసేదే.

కైరుప్పలలో ఉగాది వెంటనే జరిగే పిడకల సమరం వీరభద్రస్వామి, భద్రకాళి కథతో ముడిపడింది. స్థానికంగా చెప్పుకునే కథ ప్రకారం ఇద్దరూ ప్రేమించుకున్నారు. పెళ్ళి మాట వచ్చేసరికి వీరభద్రుడు జాప్యం చేశాడు. అమ్మవారిని మోసగించాడని ఆమె వైపువారు పేడపిడకలతో కొట్టి అవమానించాలనుకున్నారు. స్వామి వైపువారు ఎదురుదాడి చేశారు. చివరికి పెద్దల రాజీతో కల్యాణం జరిగింది. ఏటా ఊరు రెండు వర్గాలుగా విడిపోయి ఈ కథను ఆడుతుంది. కారుమంచి గ్రామం నుంచి రెడ్డి కుటుంబీకుడు ఆనవాయితీ ప్రకారం గుర్రం మీద వస్తాడు. ఆ తర్వాత పిడకలు గాలిలోకి లేస్తాయి. పేడదుమ్ములో మనుషులు కనిపించరు. పదుల సంఖ్యలో దెబ్బలు తగులుతాయి. గాయపడినవారు గుడిలో మొక్కి విభూతి రాసుకుంటారు. ఆ తర్వాత దేవుడి పెళ్ళి జరుగుతుంది.

ఈ కథను పోతన పేరున ఉన్న ‘వీరభద్ర విజయం’ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కావ్యంలో వీరభద్రుడు దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేయడానికి శివుడి కోపం నుంచి పుట్టిన వీరుడు. పురాణాల్లో భద్రకాళి ఆ దండయాత్రలో అతడి తోడు. కైరుప్పలలో ఆమె వాది, అతడు ప్రతివాది. యజ్ఞాన్ని ధ్వంసం చేసిన దేవుణ్ణి ఇక్కడ ఆడపిల్ల తరఫువారు పిడకతో నిలదీస్తారు. మాట ఇచ్చి తప్పిన మగవాడి మీద ఊరు పెట్టే పంచాయితీ ఇది, ముద్దాయి దేవుడైనా సరే. ద్రౌపది మాటల్లో చేసిన నేరారోపణ, కూర్మనాథకవి పద్యాల్లో చేసిన ఎత్తిపొడుపు ఇక్కడ చేతులతో జరుగుతున్నాయి. భరోసా, దాని ఉల్లంఘన, నిలదీత, రాజీ అన్నీ ఒక్కరోజులో పూర్తవుతాయి.

ఇటువంటి చోట గ్రంథఖండన మార్గం ఏం చేయగలదు? త్రేతాయుగంలో జరిగిందని చెప్పే కథకు చారిత్రక ఆధారం లేదని నిరూపించవచ్చు. ఆ నిరూపణతో పిడక విసిరే చెయ్యి ఆగదు, ఎందుకంటే ఆ చెయ్యి లేచింది కథ నిజమన్న అంగీకారం మీద కాదు. ఒక వ్యక్తి స్వామి వైపా, అమ్మవారి వైపా అన్నది అతడి తర్కం నిర్ణయించదు. ఊళ్ళో అతడి చోటు నిర్ణయిస్తుంది. ‘భద్రకాళి ఉందని నమ్ముతావా’ అన్న ప్రశ్న అక్కడి ఆచారంలో ఏ దశలోనూ ఎదురుకాదు. దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో జరిగే కర్రల సమరానికీ ఇదే వర్తిస్తుంది, అక్కడి గాయాలు ఇంకా తీవ్రమైనవి. హేతువాద ప్రచారం ఈ రెండు చోట్లా మూఢనమ్మకం అనే మాట వాడుతుంది. ఆ మాటలో ‘నమ్మకం’ ఉపవాక్యపు నమ్మకం, ఊళ్ళో ఉన్నది ద్వితీయావిభక్తి నమ్మకం. అందుకే మాట అటూ మనుషులు ఇటూ పోతున్నారు.

ఈ విశ్లేషణను ఆచారానికి సమర్థనగా తీసుకోవడానికి వీల్లేదు. విభూతి సంప్రదాయికంగా పిడకను కాల్చిన బూడిదే. కొట్టిన వస్తువూ మందుగా రాసే వస్తువూ ఒకే పదార్థం నుంచి రావడంలో ప్రతీక ఎంత అందంగా ఉన్నా, పశువుల పేడలోనూ మట్టిలోనూ ధనుర్వాతాన్ని కలిగించే సూక్ష్మజీవుల బీజాలు ఉంటాయన్నది అంతకన్నా గట్టి నిజం. తెరిచిన గాయం మీద బూడిద చల్లడం ప్రమాదకరం. ఇక్కడ రెండో వాక్యానికి చోటు ఉంది: విభూతితో గాయం మానుతుందని నమ్మకూడదు, సూది వేయించుకోవాలి. ఈ మాట చెప్పడానికి భద్రకాళి ఉనికిని కాదనవలసిన పని లేదు. ఉనికిని కాదంటేనే ఈ మాట చెప్పగలమనుకునే హేతువాదం గాయాన్ని వదిలి దేవుడి వెంట పడుతుంది.

గోరా పద్ధతి ఇక్కడ ఎక్కువ పనికివస్తుంది. ఆ పద్ధతి దేవుడి కన్నా ముందు మనుషుల అమరికను అడుగుతుంది. గుర్రం మీద వచ్చే హక్కు ఒక రెడ్డి కుటుంబానికి ఎందుకు ఉంది? రెండు వర్గాల్లో ఏ కులాలవారు ఎక్కడ నిలబడతారు? అమ్మవారి పక్షాన జరిగే సమరంలో ఆడవాళ్ళ చేతికి పిడక అందుతుందా, వాళ్ళు మిద్దెల మీద నుంచి చూడవలసిందేనా? భద్రకాళికి న్యాయం చేసిన ఊరి పంచాయితీ, మాట తప్పిన పెళ్ళికొడుకు మీద ఆ ఊరి ఆడపిల్ల ఫిర్యాదు చేస్తే అంతే చురుగ్గా పిడక ఎత్తుతుందా? ఈ చివరి ప్రశ్న ఆచారం లోపలి నుంచే పుడుతుంది. బయటి నుంచి వచ్చే ‘దేవుడు లేడు’ కన్నా దీనికి ఊరు జవాబు చెప్పుకోవడం కష్టం.

పిడకల సమరం మీద వచ్చే వార్తలూ వర్ణనలూ పాల్గొనేవారి గురించే చెబుతాయి. ఆ రోజు తలుపు వేసుకొని ఇంట్లో ఉండేవారు, సుగ్గి నుంచి పండక్కి రానివారు, మరో మతంలోకి మారినవారు, చదువుకొని ఆదోనిలోనో బెంగుళూరులోనో స్థిరపడి ఈ ఆట తమకు పట్టదనేవారు ఆ వర్ణనల్లో కనిపించరు. కైరుప్పలలో దేవుణ్ణి నమ్మనివారు ఎవరు అన్న ప్రశ్నకు సమాధానం వెతకవలసింది వారి మాటల్లోనే. గ్రంథఖండన సాహిత్యం నుంచి తయారుచేసిన ప్రశ్నావళితో వెళితే ‘దేవుడు ఉన్నాడా లేడా’ అనే ప్రశ్నకు అవును, కాదు అనే రెండు జవాబులే చేతికొస్తాయి. వారు తమంతట తాము మాట్లాడినప్పుడు పలికే వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. ఎవరి మీద నమ్మకం పోయింది, ఏ ఏడు పోయింది, ఏ పని చెడిపోయాక పోయింది, ఆ వాక్యంలో దేవుడు ద్వితీయావిభక్తిలో ఉన్నాడా, ‘అని’కి ముందు ఉన్నాడా అన్నవి సేకరణలో తప్పక నమోదు కావలసిన అంశాలు.